కావలి గుట్ట మీద పండబెట్టిన రాళ్ళు

మా నాన్న చివరి వరకూ రాత్రి ప్రార్థనలో ఒక గుట్ట పేరు చెప్పేవాడు. ఇంట్లోవాళ్ళ పేర్లు, ఊళ్ళోవాళ్ళ పేర్లు అన్నీ అయ్యాక, ఆమేన్‌కు ముందు, "కావలి గుట్ట మీద పోయినోళ్ళను యాది చేసుకో ప్రభువా" అనేవాడు. అడిగితే చెప్పేవాడు కాదు. మాకు తెలిసింది ఇంతే. రజాకార్ల రోజులు ముగిసి మిలటరీ అడవిలోకి దిగిన ఏళ్ళలో ఆ గుట్ట మీద ఒక క్యాంపు ఉండేది. అడవిలో దళాలున్నాయని చుట్టుపక్కల గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని గుట్ట కింద కంచె వేసి ఉంచారు. బూర్గంపాడు వైపు బడిలో చదువుకుంటున్న మా నాన్నను, ఇంకొందరు పిల్లలను పట్టుకుపోయి పైకి నీళ్ళు మోయించారు. పైన ఏం చూశాడో మాకు చెప్పలేదు. దేవుడికే చెప్పుకున్నాడు.

ఈ మార్చిలో పేపరు జిల్లా పేజీలో ఆ గుట్ట ఫోటో వచ్చింది. గోదావరి మీద సూర్యాస్తమయం చూడడానికి కొత్త వ్యూ పాయింటు, భద్రాచలం వెళ్ళే యాత్రికులు తప్పక ఆగవలసిన చోటు అని రాశారు. ఆ పొద్దున్నే మా తమ్ముడు సామ్యేలు ఫోన్ చేశాడు. "అక్కా, నాన్న గుట్టకు టికెట్ పెట్టిండ్రంట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కాని గొంతులో నవ్వు లేదు. చూసి వద్దామన్నాను. మా ఇంట్లో నేనే పెద్దదాన్ని. నేను పోదామంటే వాడు పాఠం చెప్పే కాలేజీకి సెలవు పెట్టేస్తాడు.

కారేపల్లిలో పొద్దున ప్యాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నర ప్రాంతంలో కొత్తగూడెంలో దిగవచ్చు. స్టేషన్ పేరు భద్రాచలం రోడ్ అని ఉంటుంది, కొత్తవాళ్ళు కంగారు పడవద్దు, ఊరు కొత్తగూడెమే. అక్కడి నుంచి పాల్వంచకు బస్సులు వెంట వెంటనే ఉన్నాయి, అరగంట ప్రయాణం. జీపు కిరాయికి పాల్వంచలో మాట్లాడుకోవడం మేలు. తిండి కూడా అక్కడే కట్టించుకోవాలి, ఆ తర్వాత గుట్ట దాకా చెప్పుకోదగ్గ హోటలు లేదు. బస్టాండు ఎదుట మేం ఇడ్లీ తిన్న చోట పొయ్యి దగ్గరున్న ఆమె పులిహోర పొట్లాలు కడుతూ, "ఎటు పోతున్నరమ్మా, రాములోరి కాడికా?" అని అడిగింది.

"కాదమ్మా, కావలి గుట్టకు."

"గీ ఎండలనా? ఆడ ఏముంటదమ్మా, గాలి తప్ప!"

"గాలికే పోతున్నం" అన్నాడు సామ్యేలు.

"గాలికి పోయేటోళ్ళు మస్తుమంది తయారైండ్రు ఈ నడుమ. ఇంకో రెండిడ్లీలు తిను సారూ, పైన గాలి కడుపు నింపదు" అని వాడి ప్లేటులో వేసేసింది.

జీపు డ్రైవరు పేరు ఖాసిం. నలభై దాటిన మనిషి. రోజంతా ఉండి తిరిగి తేవడానికి ఏడు వందలు అన్నాడు, డీజిల్ అతనిదే. బేరం ఆడలేదు. "జల్దీ మాత్రం చెయ్యకుర్రి అమ్మా. ఈ బండి నా కన్న పెద్దది. పెద్దోళ్ళను ఉరికియ్యద్దు" అన్నాడు. బూర్గంపాడు వైపు వెళ్ళి, మణుగూరు రోడ్డు మీద కొంత దూరం పోయాక ఎడమకు మట్టిదారి చీలుతుంది. రోడ్డు పక్కన టేకు ఆకు రాల్చి బోడిగా ఉంది. ఇప్పచెట్లు మాత్రం పూత మీదున్నాయి. చెట్ల కింద ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలతో వంగి పువ్వు ఏరుతున్నారు. జీపులోకి ఆ తీపి వాసన వచ్చింది. ఈ అడవి గూడేలవాళ్ళకు సంవత్సరంలో చేతికి నాలుగు డబ్బులు వచ్చే రోజులివే అని ఖాసిం చెప్పాడు.

గుట్ట నడుము దాకా జీపు పోతుంది. అక్కడ వెదురు కర్ర అడ్డం పెట్టి మనిషికి ఐదు రూపాయలు, బండికి ఇరవై తీసుకుంటున్నారు. పక్కన పెద్ద బోర్డు. మద్యం తాగరాదు, చెత్త వేయరాదు, బెంచీల మీద నిలబడరాదు. ప్రకృతి అందాలను ఆస్వాదించండి. బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివాను. ఈ గుట్టను కావలి గుట్ట అని ఎందుకంటారో, ఇక్కడ ఎవరు ఎవరిని కావలి కాశారో ఒక్క ముక్క లేదు. ఇంత పెద్ద బోర్డులో ఒక్క వరుసకు చోటు దొరకలేదా? అప్పుడే నాకు కొంచెం కోపం వచ్చింది. కాని అది ఆ రోజు కోపానికి మొదలు మాత్రమే.

అక్కడి నుంచి మెట్లు. కొత్తవి, వెడల్పుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నా మెల్లగా ఎక్కవచ్చు. పైన చదును. ఉన్నది చెప్పాలి, ఆ చోటు అందమైనదే. ఉత్తరాన పొలాలు, వాటి అవతల గోదావరి. మార్చి కాబట్టి నీరు సన్నబడి ఇసుక తెల్లగా మెరుస్తోంది. అవతలి ఒడ్డున దుమ్ముగూడెం వైపు చెట్లు మసకగా కనబడతాయి. గుట్ట కింద, దాదాపు మన పాదాల దగ్గర, ఒక గూడెం. ఇంటింటి ముందు ఎవరు నడుస్తున్నారో కూడా తెలుస్తుంది. కావలికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. అంచున ఇనుప రెయిలింగు, దాని వెంట ఎనిమిది రాతి బెంచీలు. పొట్టి సిమెంటు దిమ్మెల మీద పొడుగాటి బండలు పరిచారు. మేం వెళ్ళేటప్పటికి సందర్శకులు ఎవరూ లేరు. పనివాళ్ళు ఇద్దరు, వాళ్ళ మేస్త్రీ చెట్టు నీడన నడుం వాల్చి ఉన్నారు.

సామ్యేలు కొత్త కెమెరాతో ఫోటోలన్నీ తీసుకున్నాక చివరి బెంచీ మీద కూర్చున్నాం. దానికే కాస్త నీడ ఉంది. పొట్లాలు విప్పి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. నాన్న అడిగిన మాటే నేనూ అడిగాను, ఇక్కడ పోయినవాళ్ళను జ్ఞాపకం చేసుకోమని. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక పెద్దామె నిలబడి ఉంది. కోయ మనిషి. చేతిలో మోదుగాకు పొట్లం. వయసు డెబ్బైకి దగ్గర ఉంటుంది. మా ముందు ఆగి మా వైపే చూస్తోంది. ఆకలి మీద ఉందేమో అనుకున్నాను.

"తింటవా అక్కా?" అన్నాను.

"మీరు తినుర్రి చెల్లె. నేను ఆగుత."

"ఎందుకు ఆగుడు? కూసో, చోటున్నది కదా" అని సామ్యేలు పక్కకు జరిగాడు.

ఆమె కూర్చోలేదు. "గది రాయి గాదు అయ్యా. మా అన్న" అంది.

ముందు నాకు అర్థం కాలేదు. అంతలో చెట్టు కింది నుంచి మేస్త్రీ కేక వేశాడు. గోదావరి జిల్లాల మనిషి. "అమ్మగారూ, ఆ చివరి దాని మీద కూర్చోకండి! నిన్న సాయంత్రమే పెట్టాం. సిమెంటు ఇంకా పట్టలేదు, కదిలిపోద్ది!"

ఇద్దరం లేచాం. సామ్యేలు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నేను పొట్లం మూసేశాను. ఆ తర్వాత ఆ పులిహోర తినలేదు.

ఆమె పేరు బుచ్చమ్మ. కింది గూడెమే. చనిపోయినవాళ్ళ పేరున రాయి నిలబెట్టడం వాళ్ళ ఆచారం. మనం సమాధి కట్టుకున్నట్టే. ఆమె నెమ్మదిగా, దాచుకోకుండా చెప్పింది. అప్పుడు ఆమె చిన్నపిల్ల. గూడెం అంతా కంచెలో ఉంది. అంతకుముందెప్పుడో రాత్రిపూట అడవిలోంచి వచ్చినవాళ్ళకు అంబలి పోశాడని ఆమె అన్నను పట్టుకుని పైకి తెచ్చారు. మీసాలు కూడా సరిగా రాని పిల్లగాడు. "గుట్ట మీదికెల్లి చప్పుడు ఇనొచ్చింది. మా అవ్వ నా చెవులు మూసింది. ఎన్కకు మనిషిని ఇయ్యలే. ఏడ పెట్టిండ్రో చెప్పలే. గట్ల ఎనమండుగురు" అంది. క్యాంపు ఎత్తేసిన తర్వాత గూడెంవాళ్ళు వాగు దగ్గర నుంచి ఎనిమిది రాళ్ళు భుజాల మీద మోసుకొచ్చి ఈ అంచున నిలబెట్టారు. ఒక్కొక్కరి పేరున ఒక రాయి. అందరి ముఖమూ ఊరి వైపు. ఇన్నేళ్ళూ అవి అలాగే నిలబడి ఉన్నాయి. ఇప్పుడు వాటిని పెకలించి, బెంచీలుగా పరిచి, సందర్శకులు హాయిగా కూర్చోండి అంటున్నారు. మనుషులను చంపిన చోట ఆ మనుషుల గుర్తులను పీటలు చేశారు. నేను ఎవరి కోసం ప్రార్థన చేశానో ఆయన మీదే కూర్చుని చేశాను.

"గీ రాళ్ళు పీకేటప్పుడు మీ ఊరోళ్ళు ఊకున్నరా?" అని ఖాసిం అడిగాడు. అతను నీళ్ళ డబ్బా ఇవ్వడానికి పైకి వచ్చి అంతా విన్నాడు.

"ఊకోలే. మావోళ్ళు ఎవ్వరు పనికి రామన్నరు. అందుకే వీళ్ళను దూరంకెల్లి తెచ్చిండ్రు. అడ్డం బోతే పోలీసోళ్ళను పిలుస్తమన్నరు. పోలీసోళ్ళు అంటే మా ముసలోళ్ళకు ఇప్పటికి గుడ భయమే." ఆమె పొట్లం విప్పి చూపించింది. లోపల ఇప్పపువ్వు. "కొత్త పువ్వు ముందుగాల పోయినోళ్ళకు పెట్టాలె. ఎన్కనే మేం ఏరుకుంటం. రెండు దినాల సంది పువ్వు రాలుతున్నది, మా ఇంటోళ్ళు ఒక్కటి ముట్టలే. నిన్న పొద్దుగాల వస్తే అన్నను తవ్వుతున్నరు. నన్ను దిగగొట్టిండ్రు. ఇయ్యాల వస్తే పండబెట్టిండ్రు. పండుకున్నోనికి ఎట్ల పెడుత చెల్లె?"

"మిగతా ఇండ్లోళ్ళు?" అని అడిగాను.

"వాకిట్లనే పెట్టుకొని ఏరుకుంటున్నరు. కడుపులున్నయి గద. నాకు చేతులు రాలే."

సిమెంటు పచ్చిగా ఉందన్న మేస్త్రీ మాట నాకు అప్పుడు పనికొచ్చింది. మిగతా ఏడు బెంచీలు ఎండి బిగిసిపోయాయి. వాటిని ఇప్పుడు పగలగొడితే రాళ్ళే పగులుతాయి. ఇది ఒక్కటే ఈ రోజు లేస్తుంది. రేపు లేవదు. మేస్త్రీని పిలిచి, ఇది తీసి మునుపు ఉన్నచోటే నిలబెట్టమన్నాను. అతను చెడ్డవాడు కాదు. తల గోక్కున్నాడు. "నాదేముందమ్మా, నేను కూలికి చేసేవాడిని. కంట్రాక్టరు గారితో మాట్లాడండి" అని, రెయిలింగు మూలన మాత్రమే సిగ్నలు వస్తుందని చెప్పి, అక్కడ నిలబడి ఫోన్ కలిపి నాకిచ్చాడు.

"ఎవరు మేడం మీరు? ప్రెస్సా?" అన్నాడు కంట్రాక్టరు.

"కాదు. టికెట్ కొని వచ్చిన మనిషిని. ఆ రాయి మీద కూసొని అన్నం పొట్లం ఇప్పినదాన్ని."

"గవి అడవిల పడి ఉన్న రాళ్ళు మేడం. లోకల్ రాయి వాడాలె అని పైనుంచి ఆర్డరు."

"పడి లేవు. నిలబడి ఉన్నయి. మీరు పండబెట్టిండ్రు."

"అందరి సెంటిమెంట్లు చూసుకుంట కూసుంటే డెవలప్‌మెంట్ ఎట్ల అయితది చెప్పుర్రి? వాళ్ళ మంచికే గద ఇదంత. జనం వస్తరు. ఆ ముసలామెను గూడ పైన చాయ్ డబ్బా పెట్టుకోమనుర్రి, నేనే చోటిప్పిస్త."

నేను పాతికేళ్ళుగా ఆడపిల్లల హాస్టలులో వార్డెన్‌గా ఉన్నాను. గొంతు పెంచే అలవాటు లేదు. "మీ నాయన సమాధి మీద చాయ్ డబ్బా పెట్టుకుంటరా అయ్యా?" అని అడిగాను. సాయంత్రం వచ్చి మాట్లాడతానని ఫోన్ పెట్టేశాడు. సాయంత్రానికి సిమెంటు గట్టిపడుతుందని అతనికీ తెలుసు.

మేస్త్రీ ఫోన్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. కాసేపు ఆ బండ వైపు, కాసేపు బుచ్చమ్మ వైపు చూశాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను కిందికి టీకి పోతున్నాను. గడ్డపారలు ఇక్కడే ఉన్నాయి. నేను లేనప్పుడు ఎవరైనా ఏమైనా చేస్తే నాకేం తెలుస్తుంది?" అన్నాడు. కూలీలిద్దరినీ రమ్మని పిలవలేదు. వాళ్ళూ కదలలేదు.

సామ్యేలు కెమెరా నా చేతిలో పెట్టి చొక్కా చేతులు మడిచాడు. వాడికి కాలేజీలో సుద్దముక్క కన్నా బరువు ఎత్తే పని లేదు. "అక్కా, నా నడుము పట్టుకుంటే నువ్వే ప్రార్థన చెయ్యాలె" అన్నాడు. "ముందు ఎత్తురా" అన్నాను. కాని నాకొక సందేహం వచ్చింది. ఇది వాళ్ళ రాయి, మా చేతులు పడవచ్చో లేదో. బుచ్చమ్మను అడిగాను.

"మావోళ్ళే లేపాలె. డోలు గొట్టాలె, ఊరికి కూడు పెట్టాలె" అంది ఆమె. "ఎన్క అవన్ని నేను చేసుకుంట. పడగొట్టింది బయటోళ్ళే గద, లేపేది గుడ బయటోళ్ళే కానియ్యి. ముందుగాల మా అన్న నిలబడాలె."

ఖాసిం కిందికి పోయి జీపు జాకీ తెచ్చాడు. ఒక కొస కింద జాకీ పెట్టి తిప్పుతుంటే పచ్చి సిమెంటు పెళ్ళలుగా ఊడింది. రెండో కొస కింద కూలీలు గడ్డపారలు దూర్చారు. "మెల్లగ, మెల్లగ, అంచు పలుగుతది" అని ఖాసిం అంటూనే ఉన్నాడు. బండ లేచింది. నలుగురు మగవాళ్ళు దాన్ని తాళ్ళతో కట్టి, నాలుగడుగులకు ఒకసారి దించుకుంటూ, నిన్న పెకలించిన గుంత దగ్గరకు చేర్చారు. గుంతను ఇంకా పూడ్చలేదు. అందులో నిలబెట్టి మట్టి కొట్టబోతుంటే బుచ్చమ్మ చెయ్యెత్తింది.

"ఇటు గాదు. మొఖం ఊరి దిక్కు."

ఏది ముఖమో మాకు తెలియదు. మా కళ్ళకు రెండు వైపులూ ఒకటే. ఆమె వచ్చి రాతి మీద చెయ్యి వేసి చూపించింది. మళ్ళీ ఎత్తి తిప్పారు. సామ్యేలు ముఖం ఎర్రగా కందిపోయింది. మట్టి పోసి, చిన్న రాళ్ళు కూరి, కాళ్ళతో తొక్కారు. రాయికి అంటిన సిమెంటును బుచ్చమ్మ చీరకొంగు తడిపి తుడిచింది, కొంత ఊడింది, కొంత మిగిలింది. తర్వాత రాతి మొదట్లో మోదుగాకు పరిచి పువ్వు పెట్టింది. కోయలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. మాకు ఒక్క మాట తెలియలేదు, కాని అది మొక్కులా లేదు. ఇంటికి వచ్చిన మనిషితో ఇంట్లో సంగతులు చెబుతున్నట్టు ఉంది. చివరికి నా వైపు తిరిగి, "నీ దేవునికి గుడ చెప్పు చెల్లె, మళ్ల పడగొట్టకుంట జూడుమని" అంది. చెప్పాను. ఈసారి నిలబడే చెప్పాను.

ఆమె సూర్యాస్తమయం దాకా ఆగలేదు. పువ్వు రాలుతోందని, ఇంట్లోవాళ్ళకు చెప్పాలని గబగబా మెట్లు దిగిపోయింది. మేమూ ఆగలేదు. మూడు గంటలకు జీపు ఎక్కాం. పాల్వంచలో కిరాయి ఇవ్వబోతే ఖాసిం లెక్క ప్రకారం తీసుకున్నాడు, ఎక్కువ ఇస్తే వద్దన్నాడు. "రాయి సంగతి వారానికోసారి పోయి చూసి ఫోన్ చేస్త" అన్నాడు. చేస్తున్నాడు కూడా. ఇది రాసేనాటికి ఆ ఒక్క రాయి నిలబడే ఉంది. కంట్రాక్టరు సాయంత్రం వచ్చి అరిచి వెళ్ళాడట, కాని గూడెంవాళ్ళు ఈసారి రాయి చుట్టూ కూర్చున్నారట. ఖమ్మంలో కలెక్టరు ఆఫీసుకు వెళ్ళి అర్జీ ఇచ్చాను. పరిశీలిస్తామన్నారు. మిగతా ఏడింటి మీద జనం కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నారు.

నాకు కోపం ఎవరి మీద అని చాలా రోజులు ఆలోచించాను. తుపాకులతో వచ్చినవాళ్ళు చేసింది ఘోరం. కాని వాళ్ళు కనీసం దాన్ని దాచుకున్నారు. శవాలు ఇవ్వలేదు, చోటు చెప్పలేదు. చేసింది తప్పని వాళ్ళకు ఎక్కడో తెలుసు. ఇప్పుడు జరిగింది పట్టపగలు, టికెట్ పెట్టి, బోర్డు రాసి, పేపర్లో ఫోటో వేసుకుని చేసింది. తప్పు అన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు. ఆ రాళ్ళ మీద కూర్చునే రోజు వరకు నాకూ రాలేదు. మనకు తెలియని చావుల మీద మనం ఎంత సుఖంగా కూర్చుంటామో ఆ రోజు చూశాను. దేవుడు వాళ్ళను జ్ఞాపకం చేసుకోవడం ఆయన పని, ఆయన చేస్తాడు. మనం చేయవలసింది ఇంకా మిగిలే ఉంది. అక్కడ ఎనిమిది మంది నిలబడాలి. నిలబడింది ఒక్కడే.

వెళ్ళవద్దని అనను. తప్పకుండా వెళ్ళండి, గోదావరిని చూడండి, గేటు దగ్గర బోర్డులో ఆ ఎనిమిది మంది పేర్లు ఎందుకు లేవని అడగండి. ఒక్క సలహా మాత్రం మరిచిపోవద్దు. కూర్చోవడానికి ఇంటి నుంచి ఒక చాప పట్టుకుపోండి. కావలి గుట్ట మీద బెంచీలు లేవు.